గొంతు దిగిన రామయ్య

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి జూన్‌లో నన్ను కల్లూరు నుంచి మణుగూరుకు బదిలీ చేశారు. పిల్లల కళాకేంద్రంలో గాత్ర బోధకురాలి పోస్టు. ఉద్యోగంలో అదే నా ఆఖరి చోటు, పదవీ విరమణ కూడా అక్కడే అయింది. పిల్లలకు పాట, నాటకం నేర్పే పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవారి కోసం అక్కడ జరిగిన ఒక సంగతి రాస్తున్నాను.

కళాకేంద్రం అంటే బడి కాదు. బడి అయిపోయాక సాయంత్రాలు, ఆదివారం ఉదయాలు పిల్లలు వచ్చి పాట, మృదంగం, నాట్యం, నాటకం నేర్చుకునే చోటు. ఎనిమిదేళ్లు నిండినవారిని చేర్చుకుంటాం, పదహారు దాటితే పంపించేస్తాం. ఒక్కో కళకు ఒక్కో బోధకుడు. అందరి మీదా ఒక సూపరింటెండెంటు. ఆవిడకు ఇంకో కేంద్రం అదనపు బాధ్యతగా ఉండడంతో మా దగ్గరకు నెలకోసారి వస్తే గొప్ప. మాకిచ్చిన భవనం బొగ్గు గనుల కాలనీ చివర ఒక పాత హాలు. దాని వెనక కంచె, కంచె దాటితే అడవి. సెలవుల్లో మధ్యాహ్నం క్లాసు పెడితే ఓపెన్‌కాస్ట్ గనిలో పేలుడుకు ముందు సైరన్ మోగేది. పాఠం ఆపి కూర్చునేవాళ్లం. కిటికీ అద్దాలు ఒకసారి గలగలమన్నాక మళ్లీ షడ్జం పట్టుకునేవాళ్లం. కొత్తలో ఉలిక్కిపడేదాన్ని. తర్వాత తర్వాత పిల్లలకు ఊపిరి తీసుకోవడానికి దొరికిన విరామం అనుకున్నాను.

నేను బడికి వెళ్లి చదివినదాన్ని కాను. అక్షరాలూ, సరళీ స్వరాలూ మా అమ్మ ఇంట్లో ఒకే పలక మీద నేర్పింది. పదో తరగతి, సంగీతం సర్టిఫికెట్ పరీక్ష రెండూ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. అందుచేత గదినిండా పిల్లలను కూర్చోబెట్టి పాఠం ఎలా చెప్పాలో నాకు ఉద్యోగమే నేర్పింది. నన్ను నమ్మి పిల్లలను పంపిన తల్లిదండ్రులకు, నా చేత ఆ పని చేయించిన స్వామికి రోజూ దీపం పెట్టేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాను.

జరిగింది అర్థం కావాలంటే శ్రుతి గురించి రెండు మాటలు చెప్పాలి. పాడేవాళ్లు ఆధారంగా పట్టుకునే స్వరం శ్రుతి. కరెంటుతో నడిచే శ్రుతిపెట్టె మీద దానికి అంకెలుంటాయి. ఆడపిల్లలూ, చిన్న మగపిల్లలూ అయిదు, అయిదున్నర శ్రుతిలో హాయిగా పాడతారు. ఎదిగిన మగవాళ్ల శ్రుతి ఒకటి, ఒకటిన్నర. ఆ పై మెట్టు నుంచి ఈ కింది మెట్టుకు మగపిల్లవాడి గొంతు దిగే సమయం ఒకటి ఉంటుంది. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో వస్తుంది. కొందరిలో నెలల్లో అయిపోతుంది, కొందరిలో ఏడాది పైనే పడుతుంది. ఆ సమయంలో గొంతు లోపలి పొరలు పెరుగుతుంటాయి, మాట మీద పట్టుండదు. గాత్రం నేర్పేవాళ్లకు ఇది మొదటి పాఠాల్లో ఒకటి.

మా శాఖలో ఏటా చలికాలం చివర ఖమ్మంలో అన్ని కేంద్రాల పిల్లలకూ పోటీలు పెట్టేవారు. అందులో పెద్ద పోటీ సంగీత నాటిక. రికార్డు చేసిన పాట వాడకూడదు. ఏ పాత్ర పాట ఆ పాత్ర వేసిన పిల్లలే రంగం మీద పాడాలి, తెర వెనక నుంచి వేరొకరు అందుకున్నా, ప్రధాన పాత్రకు పాట లేకపోయినా మార్కులు తీసేస్తారు. మొదటి స్థానం వచ్చిన కేంద్రాన్ని రాజధానికి పంపిస్తారు.

ఈ సంగతి జరిగిన ఏడు మా నాటిక రాసి, ఆడించే బాధ్యత ఏకాంబరం మాస్టారిది. ఆయన మధిర వైపు మనిషి. చిన్నతనం నుంచి పద్యనాటకాల సమాజాల్లో తిరిగి, నడివయసు దాటాక మా కేంద్రంలో నాటక బోధకుడిగా చేరారు. నాటిక కథ చిన్నది. గోదావరి రేవులో పడవ నడిపే పిల్ల ఒకతి. పొద్దుగుంకే వేళ ఒక బాటసారి వచ్చి అవతలి ఒడ్డుకు చేర్చమంటాడు. చేతిలో ఏమీ లేదంటాడు. అయితే పాట పాడు, అదే కూలి అంటుంది ఆ పిల్ల. అతను పాడుతుంటే వరద నెమ్మదిస్తుంది. ఒడ్డు చేరి చూస్తే ఆ బాటసారి భద్రాద్రి రామయ్య.

పడవ నడిపే పిల్లగా సమ్మక్కను తీసుకున్నాం. అడవి లోపలి గూడెం నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటూ చదివే పిల్ల. గొంతు గట్టిది, నోరు అంతకంటే గట్టిది. రామయ్య వేషం వంశీకి వచ్చింది. వాళ్ల నాన్న కొమరయ్య గనిలో డంపర్ నడిపేవాడు. పిల్లవాడు అయిదున్నర శ్రుతిలో తారస్థాయి షడ్జం మీద నిలిచాడంటే హాల్లో అల్లరి దానంతటదే ఆగిపోయేది. నాటికలో పాటలన్నీ ఆ గొంతును మనసులో పెట్టుకునే మాస్టారు కట్టారు.

ఆ ప్రాంతంలో ఒక ఆనవాయితీ ఉంది. మా శాఖ నియమాల్లో అది ఎక్కడా లేదు. నాటకంలోనైనా సరే, రామయ్య వేషం కట్టే పిల్లవాడు వేషం ఒప్పుకున్న రోజు నుంచి ఆట అయిపోయేదాకా నీసు ముట్టడు, చెప్పులు వేసుకోడు, చాప మీదే పడుకుంటాడు. ఇంట్లోవాళ్లు అతన్ని పేరుపెట్టి పిలవరు, కొట్టరు, తిట్టరు. దసరా వెళ్లాక పాత్రలు పంచిన మర్నాటి నుంచే వంశీ తల్లి సరోజన కొడుకును "రామయ్యా, తానానికి లే" అంటూ పిలవడం మొదలుపెట్టింది. వంశీ చెల్లెలు కూడా మా దగ్గరే పాట నేర్చుకునేది. ఒకరోజు నా దగ్గరకు వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మేడం, వీనికి వేషం జల్దీ తీసెయ్యండి. నా పెన్సిళ్లన్నీ తీసుకుంటుండు. అమ్మకు చెప్తే రామయ్య తీసుకున్నడు, పుణ్యం వస్తది ఊకో అంటుంది."

నాకు నవ్వొచ్చింది. ఆ ఆనవాయితీ నచ్చింది కూడా. పిల్లవాడు పాటకు ముందు కాళ్లు కడుక్కుని వచ్చి బుద్ధిగా కూర్చునేవాడు. నియమం పట్టిన పిల్లలు తొందరగా నేర్చుకుంటారని నా అనుభవం.

కార్తీకం నడుస్తుండగా ఒక సాయంత్రం రిహార్సల్లో వంశీ గొంతు పైస్థాయిలో ఉన్నట్టుండి జారి, కీచుమని, కిందికి పడిపోయింది. పిల్లలందరూ ఘొల్లుమన్నారు.

"ఏంది రామయ్యా, గొంతుల కప్ప జొచ్చిందా?" అంది సమ్మక్క.

వాడూ నవ్వేశాడు. మళ్లీ అందుకున్నాడు. మళ్లీ అక్కడే జారింది. నాకు వెంటనే తెలిసింది. అప్పటికే చొక్కా చేతులు మణికట్టు పైకి వచ్చేశాయి, పలకరిస్తే మాట ఒక పదం పైన, ఒక పదం కింద పలుకుతోంది. ఇలాంటప్పుడు చేయవలసిన పద్ధతి ఒకటుంది. మొదట పైస్థాయి ఆపించాలి. అరవనివ్వకూడదు. గొంతులో నొప్పి, బొంగురు లేకపోతే శ్రుతి బాగా తగ్గించి, పెదవులు మూసి సన్నగా హుంకారం చేయించవచ్చు. ఉంటే అదీ వద్దు. వంశీని పక్కకు పిలిచి చెప్పాను, నీ గొంతు పెద్దవుతోంది, నేను చెప్పేదాకా పాడవద్దు అని. తల ఊపాడు. కానీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పోటీ దగ్గర పడుతోంది కదా, ఆ బెంగ కాబోలు అనుకున్నాను.

ఏకాంబరం మాస్టారికి నా మాట నచ్చలేదు. ఆయన పెరిగిన సమాజంలో గొంతు జారిన పిల్లలకు వైద్యం వేరే. తెల్లవారకముందే ఏట్లో గొంతులోతు నీళ్లలో నిలబెట్టి, గుక్క తిప్పుకోకుండా పైస్థాయిలో పాడించేవారు. పొద్దెక్కేదాకా అదే పని.

"నా గొంతు అట్లా నిలిచిందే టీచరమ్మా. పదిరోజులు నీళ్లలో నిలబడితే ఇనుమైపోయిద్ది. మీరేమో నోరు మూసుకోమంటున్నారు. నోరు మూసుకున్నవాడు నటుడెట్లా అవుతాడు?" అన్నారు.

ఆయన మీద నాకు గౌరవం. రంగం మీద పిల్లవాణ్ణి ఎలా నిలబెట్టాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అయినా గాత్రం విషయంలో నిర్ణయం గాత్ర బోధకురాలిది కాబట్టి ఒప్పుకోలేదు. ఆయనా ఊరుకున్నారనుకున్నాను. తర్వాత తెలిసింది, దారిలో కొమరయ్య కనబడితే ఆయన ఈ నీళ్ల వైద్యం చెప్పేశారు. కొమరయ్య మరేమీ ఆలోచించలేదు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా ఇంటికి వచ్చి, కొడుకును బండెక్కించుకుని గోదావరికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు.

వంశీ రిహార్సల్‌కు రావడం మానేశాడు. జలుబు అని కబురు వచ్చింది. ఒక వారం తర్వాత వచ్చాడు. పలకరిస్తే గాలి వచ్చింది తప్ప మాట రాలేదు. పెదవులు పగిలి ఉన్నాయి. ఏమైంది నాన్నా అని అడిగితే నేల చూపులు చూస్తున్నాడు. సమ్మక్క ఊరుకోలేదు.

"చెప్తవా, నన్ను చెప్పుమంటవా? నాతోని చెప్పినవ్ గద."

అప్పుడు చెప్పాడు, ఒక్కో మాటకూ ఊపిరి పీలుస్తూ. కార్తీకం మొదట్లో కారేపల్లిలో మేనమామ ఇంట్లో పుట్టువెంట్రుకల పండుగకు పోయారు. యాటను కోసి మాంసం వండారు. పెద్దవాళ్లు పనుల్లో ఉండగా పిల్లల పంక్తిలో కూర్చుని వీడు కూర తిన్నాడు. అమ్మకు తెలియదు. గొంతు జారింది ఆ తర్వాతే.

"రామయ్యకు కోపమొచ్చింది మేడం. గొంతు గుంజుకుండు. నీళ్లల్ల నిలవడి మంచిగ పాడితే మల్ల ఇస్తడనుకున్న. ఇస్తలేడు. వేషం వేరేటోళ్లకు ఇయ్యండి. ఇంకేమన్న చేస్తడేమో."

ఆ మాట విన్నాక గానీ విషయం నాకు బోధపడలేదు. తండ్రి నీళ్లలో నిలబెడుతున్నది గొంతు కోసం. వీడు నిలబడుతున్నది ప్రాయశ్చిత్తం కోసం. నొప్పి పుట్టినకొద్దీ ఇంకా గట్టిగా అరుస్తున్నాడు. ఇలా ఇంకొన్నాళ్లు సాగితే ఆ గొంతు జన్మలో పాటకు పనికిరాకుండా పోతుంది. అలా పాడైపోయిన గొంతులు కొన్ని నేను చూశాను.

ఆ సాయంత్రమే వాళ్ల ఇంటికి వెళ్లి, కూర సంగతి ఎత్తకుండా, పిల్లవాడి గొంతు డాక్టరుకు చూపించాలని సరోజనను అడిగాను. మర్నాడు ముగ్గురం కాలనీ దవాఖానాకు పోయాం. డాక్టరమ్మ చిన్న అద్దం నాలుక వెనక పెట్టి చూసింది. లోపలి పొరలు ఎర్రగా వాచాయి, నీళ్లలో అరవడం ఈ రోజుతో బంద్ అంది. పాట కాదు, మాటే వద్దు. గుసగుస అసలే వద్దు, దానివల్ల ఇంకా ఒత్తిడి. వినకపోతే పొరల మీద కాయలు కట్టి బొంగురు ఉండిపోతుంది అని కూడా చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లవాణ్ణి ముందు నడవమని, సరోజన నా పక్కకు వచ్చింది.

"డాక్టరమ్మకేం తెలుసు మేడం. గీ ఇంట్ల మొగోళ్లకు రామయ్య పాట ఒప్పుకోడు. వాళ్ల నాయనకు గిట్లనే అయింది. ఈని ఈడుల్నే. భజనల ముందట నిలవడి పాడేటోడంట. ఒకనాడు మద్దెలను కాళ్లతోని దాటిండంట. గంతే, గొంతు పోయింది. పెద్దోళ్లు చెప్పిండ్రు, నీకు పాట రాసిలేదు, ఇడిశిపెట్టు అని. పెండ్లయినకాంచి నేను గాయన పాట ఇనలే. తాళాలు వడితే లేచి బయటికి పోతడు."

నేను నడుస్తూనే విన్నాను. ముందు నడుస్తున్న పిల్లవాడు కూడా విన్నాడని వాడి మెడ వంగిన తీరు చూస్తే తెలిసింది.

నేను కూడా భక్తురాలినే. తప్పుకు స్వామి శిక్ష వేయడు అని తేలిగ్గా అనేసే ధైర్యం నాకు లేదు, అన్నా వాళ్లు నమ్మరు. దేవుడికి అంత కోపం ఉండదని మాత్రం నా నమ్మకం. నమ్మకానికి నమ్మకం పోటీ పెడితే లాభం లేదనిపించింది. వాళ్ల కళ్లతో చూడదగినదేదైనా చూపించాలి. ఆ రాత్రి పూజ దగ్గర కూర్చున్నప్పుడు కొమరయ్య గుర్తుకొచ్చాడు. పిల్లలను దింపడానికి వచ్చి మాట్లాడినప్పుడు విన్న అతని స్వరం గుర్తుకొచ్చింది. ఆ ఆలోచన ఇచ్చినందుకు స్వామికి మళ్లీ దణ్ణం పెట్టుకున్నాను.

ఆదివారం ఉదయం కొమరయ్యనూ, సరోజననూ కేంద్రానికి రమ్మన్నాను. ఏకాంబరం మాస్టారు ఉన్నారు. వంశీ గోడవారగా కూర్చున్నాడు. రిహార్సల్ కోసం వచ్చిన సమ్మక్క పొమ్మన్నా పోకుండా గుమ్మంలో నిలబడింది. కొమరయ్య చేతులు వెనక్కి కట్టుకుని, శ్రుతిపెట్టెకు వీలైనంత దూరంగా నిలుచున్నాడు.

"నాది పోయింది మేడం. వానిది పోనియ్య. అందుకే నీళ్లల్ల నిలవెట్టిన. తప్పయితే తిట్టండి, గని వాని పాట మాత్రం నిలవెట్టండి," అన్నాడు.

అతను మాట్లాడుతున్నంతసేపూ నేను వింటున్నది మాటలను కాదు. ప్రతి మనిషికీ మాట చివర వాలే స్వరం ఒకటి ఉంటుంది. గాత్రం నేర్పేవాళ్లం దాన్నిబట్టే శ్రుతి ఎంచుతాం. కొమరయ్య మాట ఎక్కడ వాలుతోందో చూసుకుని శ్రుతిపెట్టెను ఒకటి మీద పెట్టాను. పాడవద్దు, పెదవులు మూసుకుని పెట్టెతో పాటు ఊరికే మూలగమన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"నాకు రాసిలేదు మేడం."

"మూలగడానికి రాసి ఉండనక్కర్లేదు. షిఫ్టు దిగి వచ్చాక రోజూ మూలుగుతావు కదా కొమరయ్యా," అన్నాను. సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సమ్మక్కకు ఆ మర్యాద కూడా లేదు, పైకే నవ్వింది.

మొత్తానికి మూలిగాడు. మొదట కొంచెం అటూ ఇటూ ఊగి, శ్రుతిని పట్టుకుని నిలిచింది. ఇప్పుడు నోరు తెరువు అన్నాను. తెరిచాడు. లావుపాటి గొంతు, నిండుగా, ఏ పగులూ లేకుండా హాలంతా పరుచుకుంది. చిన్నప్పటి భజన పాట ఏదైనా ఒక్క వరుస పాడమన్నాను. కళ్లు మూసుకుని పాడాడు. రెండు చోట్ల తాళం తప్పాడు. స్వరం మాత్రం ఎక్కడా తప్పలేదు. ఒక్క వరుసే పాడి ఆపేశాడు.

"గిది నాదేనా మేడం?" అన్నాడు.

"నీది కాక ఎవరిదయ్యా? ఇన్నేళ్లూ ఎవరికన్నా కిరాయికిచ్చావా ఏంది?" అన్నారు ఏకాంబరం మాస్టారు. ఆయన గొంతులో ఎప్పటి గట్టితనం లేదు.

అప్పుడు నేను చెప్పవలసింది చెప్పాను. నీ గొంతు పోలేదు, దిగింది. నీకు పద్నాలుగేళ్లప్పుడు అది దిగుతుంటే నువ్వు పాత మెట్టు మీదే వెతికావు. అక్కడ దొరకలేదు కాబట్టి పోయిందన్నారు. మద్దెల దాటినవాడికీ దిగుతుంది, దాటనివాడికీ దిగుతుంది. ఈ కాలనీలో ప్రతి మగవాడికీ దిగింది. పాడనివాళ్లు అది పట్టించుకోరు, అంతే తేడా.

సరోజన వెంటనే ఒప్పుకోలేదు. "అందరి మొగోళ్లకు గిట్లనే అయితదా మేడం?" అని అడిగి, నా జవాబు కోసం చూడకుండా మాస్టారి వైపు తిరిగింది. వేషాలు కట్టిన మనిషి కనుక ఆయన మాటకు ఆవిడ దగ్గర ఎక్కువ విలువ.

మాస్టారు, "అవుద్దమ్మా. అందరికీ అవుద్ది," అన్నారు. నా వైపు చూసి, "నాతో పాటు ఏట్లో దిగిన పిల్లలు చాలామంది టీచరమ్మా. వాళ్లల్లో తర్వాత పాడింది నేనొక్కణ్ణే. నీళ్లలో నిలిచాను కాబట్టి నాకు పాట నిలిచిందనుకుంటా వచ్చాను. మిగతావాళ్లు ఏమయ్యారని ఎప్పుడూ అనుకోలేదు," అన్నారు.

అప్పుడు వంశీ లేచి తల్లి దగ్గరకు వచ్చాడు. మాట్లాడవద్దన్నాం కాబట్టి సమ్మక్క వైపు చూసి చేత్తో సైగ చేశాడు. సమ్మక్క కూర సంగతి చెప్పేసింది. ఎన్ని ముక్కలు తిన్నాడో కూడా చెప్పబోతుంటే నేను ఆపాను. సరోజన కొడుకును ఎగాదిగా చూసింది. వేషం మీద ఉన్న పిల్లవాణ్ణి తిట్టకూడదు.

"రామయ్యా," అంది చివరికి, పళ్లు బిగబట్టి, "ఆట అయిపోనియ్యి, నీ సంగతి చెప్త."

అందరం నవ్వాం. వంశీ కూడా, శబ్దం రాకుండా. ఆ నవ్వులో వాడి భుజాలు కిందికి దిగాయి. నియమం తప్పినందుకు ఇంట్లో దీపం ముందు క్షమించమని అడుగు, అది నీకూ స్వామికీ మధ్య ఉన్న విషయం, గొంతుకు దానితో సంబంధం లేదు అని వాడికి చెప్పాను. తల్లి కూడా సరేనంది.

ఇక నాటిక. పద్ధతి ప్రకారం పాడలేని పిల్లవాడి బదులు వేరొకరిని పెట్టాలి. మృదంగం నేర్చుకునేవారిలో పాడగల పిల్లవాడు ఒకడు ఉన్నాడు కూడా. కానీ వేషం తీసేస్తే వంశీ దాన్ని స్వామి ఇచ్చిన తీర్పుగానే తీసుకుంటాడు. మళ్లీ శ్రుతిపెట్టె దగ్గరకు రాడు. తండ్రి ఇన్నేళ్లూ పాట దగ్గరకు రాలేదు కదా. వేషం ఉంచి, పాట తీసేద్దామని మాస్టారితో అన్నాను. ప్రధాన పాత్ర పాడకపోతే మార్కులు పోతాయని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన రెండు రోజులు కూర్చుని నాటిక మళ్లీ రాశారు. పాట పాడు, అదే కూలి అంటుంది పిల్ల. నాకు పాట రాదు, నువ్వు పాడు, వింటాను అంటాడు బాటసారి. వాడికి మిగిలిన మాటలు అంతే. ఆట నాటికి డాక్టరమ్మ ఆ కాసిని మాటలకు అనుమతి ఇచ్చింది. పాటలన్నీ సమ్మక్కకు వెళ్లాయి.

"గంటసేపు పడవ నేనే నడపాలె, పాట నేనే పాడాలె. రామయ్య ఊకె కూసుంటడా?" అంది సమ్మక్క.

"స్వామి వింటాడే పిల్లా. మన పని పాడటం," అన్నారు మాస్టారు.

"ఇంటుండో నిద్రవోతుండో నాకెట్ల ఎరుక?"

ఆ ప్రశ్నే రిహార్సళ్లకు దారి చూపింది. మాట లేకుండా వింటున్నట్టు కనబడడం నటనలో చాలా కష్టమైన పని. మాస్టారు వంశీకి అదే నేర్పారు. ఏ స్వరం దగ్గర తల ఎత్తాలి, ఎక్కడ నీటి వైపు చూడాలి, ఎక్కడ కదలకుండా ఉండాలి. పాట లోపలినుంచి తెలిసిన పిల్లవాడు కాబట్టి వాడు తొందరగా పట్టుకున్నాడు.

ఖమ్మంలో నాటిక బాగా నడిచింది. మాకు ఏ స్థానమూ రాలేదు. ప్రధాన పాత్రధారి పాడలేదని న్యాయనిర్ణేతలు మార్కులు తీసేశారు. నియమం ప్రకారం అది సరైనదే. గాత్రంలో విడిగా ఇచ్చే బహుమతి సమ్మక్కకు వచ్చింది. సూపరింటెండెంటు నన్ను పిలిచి, పిల్లవాణ్ణి ఎందుకు మార్చలేదని అడిగారు. కారణం చెప్పాను. ఆవిడ విని, కేంద్రం సంగతి కూడా చూసుకోవాలి కదమ్మా అన్నారు. చూసుకున్నానండీ అన్నాను. అంతకుమించి ఆవిడ అడగలేదు. ఆ మంచితనానికి ఇప్పటికీ ఆవిణ్ణి తలుచుకుంటాను.

వంశీకి ఉగాది దాకా పాట లేదు. తర్వాత కింది శ్రుతిలో హుంకారం, ఆ తర్వాత సరళీ స్వరాలు మళ్లీ మొదటి నుంచి. మధ్యలో విసుగుపుట్టి రెండుసార్లు మానేసి, రెండుసార్లు వచ్చాడు. వానలు పడే నాటికి ఒకటిన్నర శ్రుతిలో గొంతు కుదురుకుంది. పాత గొంతంత మెరుపు దానికి లేదు. గొంతు దిగిన పిల్లల్లో అది మామూలే. కొందరికి మెరుపు పోయి బరువు వస్తుంది. వాడికి బరువు వచ్చింది. పదహారు నిండి కేంద్రం వదిలేదాకా మాతోనే పాడాడు.

ఈ సంగతి తర్వాత నా పద్ధతిలో రెండు మార్పులు చేసుకుని, పదవీ విరమణ దాకా పాటించాను. ఒకటి, పన్నెండేళ్లు దాటిన మగపిల్లల చేత పాట పాడించేముందు కాసేపు మాట్లాడించి వినేదాన్ని. మార్పు పాటలోకంటే ముందు మాటలో వినిపిస్తుంది. రెండు, పాత్రలు పంచే రోజునే తల్లిదండ్రులను కూర్చోబెట్టి గొంతు మారే సంగతి చెప్పేదాన్ని. అప్పుడు చాలామందికి ఆ మాట అనవసరం అనిపించేది, ఒకరిద్దరు అపశకునం అని కూడా అన్నారు. అయినా చెప్పేదాన్ని. పిల్లవాడి గొంతు జారిన రోజు ఆ ఇంట్లో ఒక కారణం కావలసి వస్తుంది. మనం ముందుగా చెప్పి ఉండకపోతే వాళ్లు తమకు తోచిన కారణం పెట్టుకుంటారు. నేను చూసినంతలో, అలా పెట్టుకున్న కారణం ఎప్పుడూ పిల్లవాడి తప్పే అవుతుంది.